అధిక అశ్వశక్తి క్రాసోవర్లు

నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఖరీదైన క్రాసోవర్ కారును, కంపెనీ ఇచ్చిన దానికంటే వంద నుంచి మూడు నాలుగు వందల హార్స్‌పవర్ ఎక్కువ ఇచ్చేలా మార్చడం ఈ వ్యాస విషయం. క్రాసోవర్ అంటే ఎస్‌యూవీ ఎత్తు, కారు చట్రం కలిసిన బండి. లారీలకు, పాతకాలపు జీపులకు ఉన్నట్టు దీనికి విడి ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. అందువల్ల రోడ్డు మీద కారులాగే నిలదొక్కుకుంటుంది. ఈ ఖరీదైన వాటి బరువు మాత్రం చాలావరకు రెండు టన్నుల పైమాటే. ఇంత బరువును ఇంకా వేగంగా పరుగెత్తించాలన్న కోరికలోంచే ఈ ట్యూనింగ్ రంగం పెరిగింది.

హైదరాబాద్ ఉత్తర శివార్లలోని బహదూర్‌పల్లి, కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతానికి ఈ విషయంతో సంబంధం కలగడానికి కారణాలున్నాయి. బహదూర్‌పల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా దుండిగల్ గండిమైసమ్మ మండలంలోని ఊరు. టెక్ మహీంద్రా ప్రాంగణం, 2020లో విశ్వవిద్యాలయ హోదాతో మొదలైన మహీంద్రా యూనివర్సిటీ ఇక్కడే ఉన్నాయి. చుట్టూ విల్లాల గేటెడ్ కాలనీలు లేచాయి. దక్షిణాన జీడిమెట్ల పారిశ్రామికవాడలో లేత్ పని, స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్ చేసే చిన్న యూనిట్లకు కొదవ లేదు. ఉత్తరాన ఔటర్ రింగ్ రోడ్డు, తూర్పున 44వ నంబరు జాతీయ రహదారి. పక్కనే దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ. ఆ అకాడమీలో కొత్త పైలట్లకు తొలి పాఠాలు నేర్పే పిలాటస్ పీసీ–7 మార్క్ 2 విమానం ఇంజిన్ శక్తి 700 హార్స్‌పవర్. ట్యూన్ చేసిన జర్మన్ క్రాసోవర్ ఇంజిన్ శక్తి కూడా ఇప్పుడు దాదాపు అంతే. ఆకాశంలోకి వెళ్లే ఆ శక్తిని వాడడానికి అకాడమీ నెలల తరబడి శిక్షణ ఇస్తుంది. కింద రోడ్డు మీద అంతే శక్తి ఉన్న బండికి మామూలు కారు లైసెన్సు చాలు. ఈ తేడాను దృష్టిలో పెట్టుకునే మిగతా విషయమంతా చదవాలి.

ఎక్కడ మొదలైంది

లెక్సస్ ఆర్ఎక్స్ 1998లో, బీఎండబ్ల్యూ ఎక్స్5 1999లో వచ్చి లగ్జరీ క్రాసోవర్ అనే తరగతిని నిలబెట్టాయి. అప్పటికి అవి కుటుంబంతో సుఖంగా ప్రయాణించడానికి కొనే బండ్లు. 2002లో పోర్షే కయెన్ టర్బో 4.5 లీటర్ల వీ8 ఇంజిన్‌తో, 450 హార్స్‌పవర్‌తో రావడంతో లెక్క మారింది. స్పోర్ట్స్ కార్లు తప్ప మరొకటి చేయని కంపెనీ ఇలాంటి బండి చేయడమేమిటని అభిమానులు నొచ్చుకున్నారు. తర్వాత ఆ కంపెనీని ఆర్థికంగా నిలబెట్టింది కయెనే. 2003లో నిస్సాన్ వారి ఇన్ఫినిటీ ఎఫ్ఎక్స్45 వచ్చింది. 315 హార్స్‌పవర్ వీ8, స్కైలైన్ జీటీ–ఆర్ నుంచి వచ్చిన ఎటెసా ఆల్‌వీల్‌డ్రైవ్ పద్ధతి దాని ప్రత్యేకతలు. అమెరికాలో టర్బోలు బిగించి శక్తి పెంచేవారి కన్ను దాని మీద పడింది. మన దేశంలో ఇన్ఫినిటీని అమ్మలేదు కాబట్టి ఇక్కడివారికి అది దూరంగానే ఉండిపోయింది.

2009లో బీఎండబ్ల్యూ ఎక్స్5 ఎం, ఎక్స్6 ఎం ఒకేసారి వచ్చాయి. బీఎండబ్ల్యూ ఎం విభాగం చేసిన తొలి ఆల్‌వీల్‌డ్రైవ్ కార్లు ఇవే. 4.4 లీటర్ల ఇంజిన్, రెండు టర్బోలు, 555 హార్స్‌పవర్. ట్యూనర్ల చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. టర్బో లేని ఇంజిన్‌లో శక్తి పెంచాలంటే క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు మార్చి ఎంతో కష్టపడితే ఏ ముప్పై హార్స్‌పవరో వచ్చేది. టర్బో ఇంజిన్‌లో కంప్యూటర్‌లోని అంకెలు మారిస్తే వంద వస్తుంది.

2017 డిసెంబరులో లాంబోర్గిని ఉరుస్ వచ్చింది: 650 హార్స్‌పవర్, గంటకు 305 కి.మీ. గరిష్ఠ వేగం. మరుసటి నెలలోనే భారత మార్కెట్‌లోకి దిగింది. 2021 ఆగస్టులో దేశంలోకి వచ్చిన తొలి ఉరుస్ గ్రాఫైట్ క్యాప్సూల్ బండి నటుడు జూనియర్ ఎన్టీఆర్ చేతికి అందినప్పుడు, కార్ల ఊసే పట్టని ఇళ్లలో కూడా ఉరుస్ పేరు వినిపించింది. ఆడీ ఆర్ఎస్ క్యూ8, బీఎండబ్ల్యూ ఎక్స్5 ఎం, మెర్సిడెస్ జీఎల్ఈ 63 ఎస్ వంటివి ఇప్పుడు 600 హార్స్‌పవర్ దగ్గరే మొదలవుతున్నాయి. జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ కొండ ట్రాక్‌పై ఎస్‌యూవీల రికార్డు 2019లో ఆర్ఎస్ క్యూ8ది. 2021లో కయెన్ టర్బో జీటీ దాన్ని దాటింది. 2024లో మళ్లీ ఆర్ఎస్ క్యూ8 పెర్ఫార్మెన్స్ 7 నిమిషాల 37 సెకన్లలోపే ఒక చుట్టు పూర్తిచేసింది. కంపెనీలే ఇంత దూరం వచ్చాక బయటి ట్యూనర్‌కు మిగిలిన చోటు ఎంత అనేది ఈనాటి ప్రశ్న.

శక్తి ఎలా పెరుగుతుంది

ఇంజిన్‌లో కాలే ఇంధనం ఎంత అనేది లోపలికి వెళ్లే గాలి మీద ఆధారపడుతుంది. టర్బో చేసే పని పొగతో టర్బైన్‌ను తిప్పి గాలిని ఒత్తి లోపలికి పంపడం. ఆ ఒత్తిడిని బూస్ట్ అంటారు. ట్యూనర్లు పనిని స్టేజీలుగా చెబుతారు. స్టేజ్ 1లో విడిభాగాలేవీ మారవు. ఇంజిన్ కంప్యూటర్ అయిన ఈసీయూలోని పట్టికలను తిరగరాస్తారు. స్టేజ్ 2లో టర్బో తర్వాత వచ్చే డౌన్‌పైప్‌ను పెద్దది చేసి, ఇంటర్‌కూలర్, ఎయిర్ ఇన్‌టేక్ మారుస్తారు. స్టేజ్ 3 అంటే పెద్ద టర్బోలు, పెద్ద ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, అవసరమైతే ఫోర్జ్‌డ్ పిస్టన్లు. ఈ స్టేజీలకు ఎక్కడా అధికారిక కొలమానం లేదు. ఒక షాపువాళ్లు స్టేజ్ 2 అన్నది ఇంకొకరికి స్టేజ్ 1 కావచ్చు. అందుకే స్టేజ్ నంబరు అడగడం కంటే ఏయే భాగాలు మారుస్తున్నారో రాసిమ్మని అడగడం మేలు.

ప్రపంచంలో పేరున్న ఉదాహరణలు రెండు చూద్దాం. జర్మనీకి చెందిన ఏబీటీ సంస్థ 2020లో ఆర్ఎస్ క్యూ8 బండిని 600 నుంచి 740 హార్స్‌పవర్‌కు, తిప్పే బలమైన టార్క్‌ను 800 నుంచి 920 న్యూటన్ మీటర్లకు పెంచింది. మెర్సిడెస్ బండ్లతోనే పేరు తెచ్చుకున్న బ్రాబస్, జీఎల్ఈ 63 ఎస్ కూపే ఇంజిన్‌ను 4 లీటర్ల నుంచి 4.4 లీటర్లకు పెంచి 900 హార్స్‌పవర్ తీసింది. ఆ ఇంజిన్ టార్క్ 1,250 న్యూటన్ మీటర్లు. బండిలో మాత్రం బ్రాబస్ స్వయంగా దాన్ని 1,050 దగ్గరే ఆపేసింది. గేర్‌బాక్స్, షాఫ్టులు తట్టుకోవాలి కదా! దశాబ్దాల అనుభవం ఉన్న సంస్థే చేతిలోకి వచ్చిన టార్క్‌ను వదులుకుంది. మన ఊళ్లో ‘ఎంత వస్తే అంత తీసేద్దాం’ అనే షాపువాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

మంచి ట్యూనర్‌ను గుర్తుపట్టేది అతని ల్యాప్‌టాప్‌లోని లాగ్ చూసి. బండిని నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం నుంచి రెడ్‌లైన్ దాకా ఒకసారి లాగి, ఆ కొన్ని సెకన్లలో సెన్సర్లు చెప్పినవన్నీ పక్కపక్క గడుల్లో పెట్టుకుంటాడు: అడిగిన బూస్ట్ ఎంత, వచ్చిన బూస్ట్ ఎంత, లోపలికి వెళ్లే గాలి వేడి, గాలికీ పెట్రోలుకూ నిష్పత్తి, ఫ్యూయల్ రైలులో ఒత్తిడి, ఒక్కో సిలిండర్‌లో ఈసీయూ స్పార్క్‌ను ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగింది అన్నవి. ఎనిమిది సిలిండర్లలో ఏడు బాగుండి ఒక్కటి పదేపదే నాలుగైదు డిగ్రీలు వెనక్కి వెళ్తుంటే అక్కడ నాకింగ్ ఉన్నట్టు. అంటే స్పార్క్‌తో మొదలైన మంట చేరేలోపే మిగతా మిశ్రమం తనంతట తాను పేలుతోంది. పిస్టన్ అంచులు పగిలేది అందువల్లే. ఆ ఒక్క గడిని చూసి బూస్ట్ తగ్గించే ట్యూనర్‌కు బండి అప్పగించవచ్చు. డైనో (చక్రాలను రోలర్లపై తిప్పి శక్తి కొలిచే యంత్రం) ఇచ్చిన కాగితంపై పెద్ద అంకె మాత్రమే చూపించేవాడికి కాదు.

డైనో విషయంలోనూ ఒక జాగ్రత్త. రెండు చక్రాలకే రోలర్లున్న డైనోపై ఆల్‌వీల్‌డ్రైవ్ బండిని ఎక్కిస్తే ముందు చక్రాలు ఆగి, వెనక చక్రాలు తిరిగి, మధ్యలోని క్లచ్ కాలిపోవచ్చు. నాలుగు రోలర్లు ఉండి, ముందూ వెనకా ఒకే వేగంతో తిరిగే డైనో కావాలి. వచ్చిన అంకె చక్రాల దగ్గరిదా, ఇంజిన్ దగ్గరిదని లెక్కగట్టి చెప్పిందా అన్నది కూడా తెలుసుకోవాలి. రెండింటి మధ్య 15 నుంచి 20 శాతం తేడా మామూలే.

బలహీనమైన చోటు

ఆల్‌వీల్‌డ్రైవ్ పద్ధతులన్నీ ఒకటి కావు. ఆడీ ఆర్ఎస్ క్యూ8లో మధ్య డిఫరెన్షియల్ గేర్లతో పనిచేస్తుంది. మామూలుగా శక్తిలో 40 శాతం ముందుకు, 60 శాతం వెనక్కు పంపుతుంది. బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్‌లో, శక్తిని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోని పళ్లేల క్లచ్ బిగిసి సడలుతూ ముందు చక్రాలకు శక్తి ఇస్తుంది. ఇంజిన్ అడ్డంగా ఉండే చిన్న క్రాసోవర్లలో ఆ క్లచ్ వెనక ఇరుసు దగ్గర ఉంటుంది. గేర్లతో నడిచేవి ఎక్కువ భారం మోస్తాయి. క్లచ్‌తో నడిచేవి తెలివిగా స్పందిస్తాయి కానీ వేడికి లొంగుతాయి. చాలా బండ్లలో ఉండే జడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌కు కంపెనీ పెట్టిన పేర్లలోనే సంగతి ఉంది: 8హెచ్‌పీ70 దాదాపు 700 న్యూటన్ మీటర్లకు, 8హెచ్‌పీ90 దాదాపు 900కు తయారైనవి. ఇంజిన్ ఈసీయూను రీమ్యాప్ చేసి, అంటే పట్టికలు తిరగరాసి, గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను అలాగే వదిలేస్తే, పెరిగిన టార్క్ సంగతి గేర్‌బాక్స్‌కు తెలియక క్లచ్‌లు జారుతాయి.

టైర్ల దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు మరింత ఖరీదైనది. ఔటర్ మీద ఒక టైరు పగిలింది. మిగతా మూడు సగం అరిగాయి. కొత్తది ఒక్కటే వేయించారు. కొత్త టైరు ట్రెడ్ 8 మిల్లీమీటర్లు, పాతవాటిది 3 అనుకుందాం. వ్యాసార్థంలో 5 మి.మీ. తేడా, చుట్టుకొలతలో సుమారు 31 మి.మీ. ఇలాంటి క్రాసోవర్ టైరు కిలోమీటరుకు దాదాపు 430 సార్లు తిరుగుతుంది. అంటే ప్రతి కిలోమీటరుకూ 13 మీటర్ల లెక్క కుదరక, ఆ తేడాలో కొంత భారం ట్రాన్స్‌ఫర్ కేసు క్లచ్ మీద పడుతుంది. బండి మామూలు శక్తితో ఉంటేనే ఇది నష్టం. 700 హార్స్‌పవర్ బండిలో ట్రాన్స్‌ఫర్ కేసు పోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. నాలుగు టైర్లూ ఒకే మోడలువి, దాదాపు ఒకే అరుగుదలవి ఉండాలి. టైరు అంచున ఉండే అక్షరం కూడా చూడాలి: వీ అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300 కి.మీ. దాకా.

దక్కన్ ఎండ, మన పెట్రోలు

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. తీరంతో పోలిస్తే ఇక్కడ గాలి పీడనం సుమారు 6 శాతం తక్కువ. టర్బో ఆ లోటును పూడుస్తుంది. అందుకోసం ఇంకాస్త వేగంగా తిరిగి ఇంకాస్త వేడెక్కుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో సుచిత్ర కూడలి నుంచి కొంపల్లి దాకా ట్రాఫిక్‌లో పాకి, మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కగానే యాక్సిలరేటర్ తొక్కితే, ఇంటర్‌కూలర్ అప్పటికే కాగి ఉంటుంది. వేడిగాలితో నాకింగ్ పెరుగుతుంది. యూరప్ చలిలో తయారైన రీమ్యాప్ ఫైలును యథాతథంగా ఇక్కడ ఎక్కించడం అందుకే తప్పు. ఇక్కడి బండికి ముందు మార్చవలసినవి ఇంటర్‌కూలర్, రేడియేటర్లు, గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్. శక్తి సంగతి ఆ తర్వాత.

పెట్రోలు మరో హద్దు. దాని ఆక్టేన్ ఎంత ఎక్కువైతే నాకింగ్‌ను అంత తట్టుకుంటుంది. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ ఎక్స్‌పీ100ను కొన్ని నగరాల్లో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్‌కూ తెచ్చింది. కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది. దాని మీద ఆధారపడి ట్యూన్ చేసిన బండిలో, ఆదిలాబాద్ దారిలో దొరికిన మామూలు పెట్రోలు కొట్టిస్తే ప్రమాదం. ఇప్పుడు అంతటా వస్తున్న ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు నాకింగ్‌ను తట్టుకుంటుంది కానీ, లీటరుకు శక్తి తక్కువ కాబట్టి ఇంజెక్టర్లు ఎక్కువ ఇంధనం పంపాలి. మామూలు పెట్రోలుకు ఒకటి, ఎక్కువ ఆక్టేన్‌కు ఒకటి చొప్పున రెండు మ్యాప్‌లు పెట్టించుకోవడం వివేకం.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం కె. జయచంద్ర కేసులో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన డౌన్‌పైప్ కాలుష్య, శబ్ద నిబంధనలనూ ఉల్లంఘిస్తుంది. దానికి 190వ సెక్షన్ కింద రూ.10,000 దాకా జరిమానా. రోడ్డు మీద పందెం వేస్తే 189వ సెక్షన్ వర్తిస్తుంది.

‘రీమ్యాప్ కంటికి కనిపించదు కదా’ అనేది తరచూ వినే వాదన. కంటికి కనిపించకపోయినా కంప్యూటర్‌కు కనిపిస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్లలో ఈసీయూ మారినట్టు గుర్తిస్తే టీడీ1 అనే గుర్తు కంపెనీ రికార్డులో పడి, ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ చిక్కుల్లో పడుతుంది. ప్రమాదం జరిగినప్పుడు, చెప్పకుండా చేసిన మార్పును చూపి బీమా కంపెనీ క్లెయిమును ప్రశ్నించగలదు. కోట్ల బండి ఉన్నవారికి జరిమానా లెక్కలోకి రాకపోవచ్చు. బీమా లేకుండా ఎదుటివారి ప్రాణనష్టానికి పరిహారం కట్టవలసి వస్తే అది ఆస్తులు అమ్మే సంగతి.

అమెరికాలోని హ్యూస్టన్, డల్లాస్ తెలుగువారికి వేరే చట్టం వర్తిస్తుంది. హ్యూస్టన్‌కు దగ్గరలోని సీలీ పట్టణంలో ఉన్న హెనెస్సీ సంస్థ 707 హార్స్‌పవర్ జీప్ గ్రాండ్ చెరొకీ ట్రాక్‌హాక్‌ను వెయ్యి హార్స్‌పవర్‌కు పెంచి బహిరంగంగా అమ్మింది. అక్కడ కూడా కాలుష్య నియంత్రణ భాగాలు పీకేయడం క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం నిషిద్ధమే. కాలిఫోర్నియాలో ఐతే కాలుష్యంపై ప్రభావం చూపే ఒక్కో విడిభాగానికీ వాయు వనరుల బోర్డు అనుమతి నంబరు ఉండాలి. మన దగ్గర లేనిది అలాంటి దారే. పరీక్షించి, కాలుష్యం కొలిచి, ఫలానా భాగం బిగించుకోవచ్చని నంబరు ఇచ్చే ఏర్పాటు ఉంటే మంచి ట్యూనర్లు చాటుగా పనిచేసే అవసరం ఉండదు.

వేగానికి చోటు

158 కి.మీ. ఔటర్ రింగ్ రోడ్డులో చివరి ముక్క మేడ్చల్ దగ్గరి కండ్లకోయలోనే 2018లో తెరుచుకుంది. 2023లో అక్కడ గరిష్ఠ వేగాన్ని గంటకు 100 నుంచి 120 కి.మీ.కు పెంచారు. అదీ లోపలి రెండు లేన్లలోనే. బయటి రెండింటిలో 80. రెండు టన్నుల పైచిలుకు క్రాసోవర్ సమతల రోడ్డుపై 120తో సాగడానికి కావలసింది సుమారు 40 హార్స్‌పవర్. గాలి నిరోధాన్ని ఎదిరించే శక్తి వేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి 250 చేరేసరికి చక్రాల దగ్గరే 280కి పైగా, 300 చేరేసరికి 480 దాకా కావాలి. అంటే 900 హార్స్‌పవర్ బండిలోని అదనపు శక్తికి ఔటర్‌పై చట్టబద్ధమైన పని ఏదీ లేదు, వేగం అందుకునే ఆ కొన్ని సెకన్లు తప్ప.

ఆగడం సంగతి శక్తితో మారదు. మంచి టైర్లు, పొడి రోడ్డు ఉంటే 120 నుంచి ఆగడానికి బ్రేకు వేశాక 63 మీటర్లు పడుతుంది. 200 నుంచి ఐతే దాదాపు 175. డ్రైవరు తేరుకునే ఒక్క సెకనులో 200 వేగంతో మరో 55 మీటర్లు పోతుంది. దూళపల్లి, గండిమైసమ్మ చౌరస్తాల దగ్గర యూటర్న్ తీసుకునే ట్రాలీ ఆటోలకు అంత దూరం ముందుగా ఎదుటివారి వేగం తెలియదు. 2017 మే నెలలో జూబ్లీహిల్స్‌లో మెర్సిడెస్ జీ63 ఏఎంజీ మెట్రో స్తంభాన్ని ఢీకొని ఇద్దరు యువకులు చనిపోయారు. కంపెనీ ఇచ్చిన 500 పైచిలుకు హార్స్‌పవరే నగర రహదారిపై ఎంతటిదో ఆ రాత్రి తెలిసింది.

నిజంగా శక్తి చూడాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, గ్రేటర్ నోయిడాలోని 5 కి.మీ. పైచిలుకు బుద్ధ్ సర్క్యూట్ ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో 2021లో ప్రారంభమైన నాట్రాక్స్ హైస్పీడ్ ట్రాక్ పొడవు 11.3 కి.మీ. హుస్సేన్‌సాగర్ తీరాన 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా–ఈ పందెం హైదరాబాద్‌కు మోటారు క్రీడల రుచి చూపించింది. మరుసటి ఏడాది పందెం రద్దయింది. ఉత్తర శివార్లలో ఒక కిలోమీటరు నేరుగా సాగే డ్రాగ్ స్ట్రిప్ కట్టి, అంబులెన్సు పెట్టి, టికెట్ తీసుకుని వదిలితే రాత్రిపూట ఔటర్ మీద జరిగే పందేలు చాలావరకు తగ్గుతాయని నా నమ్మకం. ప్రభుత్వం తలచుకుంటే అది పెద్ద ఖర్చు కాదు.

విద్యుత్ బండ్లు వచ్చాక

ఈ రంగం దిశ మారుతోంది. 2023 నవంబరులో భారత్‌కు వచ్చిన లోటస్ ఎలెత్రే ఆర్, షోరూమ్ నుంచే 900 దాటిన హార్స్‌పవర్‌తో వస్తుంది. టెస్లా మోడల్ ఎక్స్ ప్లాయిడ్ వెయ్యి దాటింది. ఇంజిన్, టర్బో, డౌన్‌పైప్ ఏవీ లేని చోట శక్తి అంతా సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది; ఆ తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. మెర్సిడెస్ 2022లో అమెరికాలో ఈక్యూఈ బండ్లకు ఏడాదికి 1,200 డాలర్లు కడితే అదనపు శక్తి విడుదల చేసే చందా పథకం ప్రకటించింది. షాపువాడు చేసే స్టేజ్ 1 పనినే కంపెనీ చట్టబద్ధంగా, వారంటీతో అమ్ముతోందన్నమాట.

పెట్రోలు బండ్లు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి. వాటిలో ట్యూన్ చేసి, తర్వాత పాత ఫైలు ఎక్కించి అమ్మేసేవి సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లోకి వస్తాయి. అలాంటి బండి కొనేవారు అధీకృత సర్వీసు సెంటర్‌లో ఈసీయూ రికార్డు తీయించండి. డౌన్‌పైప్ బోల్టులు విప్పిన గుర్తులున్నాయేమో బండిని లిఫ్ట్ మీద ఎక్కించి చూడండి. నాలుగు టైర్ల ట్రెడ్ కొలిపించండి. ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ కొంచెం తీయించి, వేళ్ల మధ్య రుద్ది, ఇనుప రజను తగులుతుందేమో చూడండి. వీటికి అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ బండి జోలికి వెళ్లకండి.